కన్నీళ్ళతో తుప్పు వదలదు

తెలుగువాడు తన తండ్రి సైకిలు గురించి వ్రాసినంత ఆర్ద్రంగా మరే వస్తువు గురించీ వ్రాయలేదని నా నమ్మకం. 2006, 2007 ప్రాంతాల్లో మనమంతా లేఖినిలో అక్షరాలు కూర్చుకుంటూ టపాలు వ్రాసిన రోజులు జ్ఞాపకం తెచ్చుకోండి. ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకున్న నాన్న, వెనుక క్యారియరు మీద బియ్యపు మూట, సాయంత్రం గంట మ్రోగగానే వీధిగుమ్మంలోకి పరుగు. క్రింద వరుసగా వ్యాఖ్యలు: "కళ్ళు చెమర్చాయండీ", "మా నాన్నగారు గుర్తొచ్చారు". ఆ టపాలంటే నాకు ఇష్టమే. నా అభియోగం ఆ టపాల మీద కాదు, అందులోని సైకిలుకి తరువాత పట్టిన గతి మీద.

ఆ సైకిలు ఇప్పుడెక్కడుందని అడగండి. నేనడిగాను. అడిగిన మిత్రుల్లో చాలామందిది ఒకటే జవాబు: "పాత ఇనుముకి వేసేశామండీ." ఎందుకు వేశారయ్యా అంటే దానికీ ఒకటే జవాబు: "పెడళ్ళు తిరగడం మానేశాయి. బిగుసుకుపోయిందన్నారు." అన్నారట! ఎవరన్నారు? ఏది బిగుసుకుపోయింది? ఎటు త్రిప్పి చూసి అన్నారు? వీటిలో ఒక్కదానికీ మన జ్ఞాపకాల రచయిత దగ్గర సమాధానం లేదు. తండ్రి చొక్కా మీది చెమట వాసన గుర్తున్నవాడికి, ఆ తండ్రి ముప్పయ్యేళ్ళు తొక్కిన ఇరుసు ఎన్ని గుళ్ళ మీద తిరిగిందో తెలియదు. (ప్రక్కకి పదకొండు చొప్పున ఇరవై రెండు. పావు అంగుళపు ఉక్కు గుళ్ళు.) ఏడవడంలో తప్పు లేదు. కానీ కన్నీళ్ళలో ఉప్పుంటుంది. ఇనుముకి అది కూడా పడదు.

ఈ తిట్టు ఊరకే తిట్టడం లేదు. నిరుడు మా జంపనిలో ఒక ఫ్రేము ఈ గతి పట్టబోయి తప్పించుకుంది. అది ఎలా తప్పించుకుందో వివరంగా చెబితే నా కోపానికి కారణం తెలుస్తుంది.

జంపని తెనాలి నుండి రేపల్లె వెళ్ళే దారిలో, వేమూరు మండలంలో ఉంది. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, అప్పటినుండి బాపట్ల జిల్లా. కృష్ణ పడమటి డెల్టా. చుట్టూ కాలువలు, రేగడి నేల, వరి కోతకి వచ్చేసరికి అందులోనే మినుము. ఇక్కడి సైకిలు రోడ్డు మీద నడిచింది తక్కువ, కాలువ కట్టల మీద, పొలం గట్ల మీద నడిచింది ఎక్కువ. బురదలో దిగబడితే భుజాన వేసుకుని మోసేవారు, కాలువలోకి దింపి కడిగేవారు. ఆ కడగడంలోనే ఉంది చిక్కంతా. సైకిలు ఫ్రేములో అన్నిటికన్నా పల్లంగా ఉండేది పెడళ్ళ ఇరుసు కూర్చునే గొట్టం. సైకిలు షాపుల్లో దాన్ని బీబీ అంటారు. సీటు క్రింది గొట్టం, ముందునుండి దిగే గొట్టం, వెనుక చక్రానికి పోయే రెండు సన్న గొట్టాలు, అన్నీ వచ్చి దానికే అతుకుతాయి. సీటు దగ్గర దూరిన వాన చుక్క కూడా చివరికి అక్కడికే చేరుతుంది. పాత ఇంగ్లీషు బళ్ళకి ఆ గొట్టం మీద నూనె చుక్కలు వేయడానికి చిన్న మూత ఉండేది. మూత పోయిన తరువాత ఆ కన్నంలోంచి నూనెకి బదులు నీళ్ళు వెళ్ళాయి. ఇనుము తుప్పుగా మారితే మునుపటికన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. వెంట్రుకవాసి సందు కూడా లేని మరల మధ్య అది పెరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మా పెదనాన్నగారి హెర్క్యులెస్ అటువంటిదే. 1964లో తెనాలిలో కొన్నారు. మద్రాసు దగ్గర అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ వారి తయారీ. ఆయన పోయాక పాకలో పడి ఉంది. పెడలు అంగుళం కదలదు. పట్టణంలో ఒక షాపుకి పంపించారు. అక్కడి కుర్రవాడు కాటర్ పిన్నులు ఊడగొట్టి క్రాంకులు తీశాడు, ఎడమ కప్పు కష్టపడి విప్పాడు, ఇరుసు లాగేశాడు. ఇక కుడి కప్పు రాలేదు. పానా వేశాడు, జారింది. ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు, కప్పు అంచు మీద గంట్లు పడ్డాయి. చివరికి తీర్పు చెప్పాడు: "లాభం లేదు సార్. గొట్టం కోసేసి వేరేది వెల్డింగు పెట్టాలి. దాని బదులు కాటాకి వేసెయ్యండి."

ఆ కుర్రవాడు బలవంతుడు, పనిమంతుడు కూడా. అతడు చేసిన పొరపాటు ఒక్కటే. అన్ని మరలూ ఎటు విప్పుకుంటాయో అటే కొట్టాడు. అంటే కొట్టిన ప్రతి దెబ్బకీ ఆ కప్పుని ఇంకాస్త బిగించాడు.

ఇంగ్లీషు పద్ధతిలో చేసిన సైకిళ్ళకి, అంటే మన దేశంలో తిరిగిన పాత బళ్ళలో దాదాపు అన్నిటికీ, కుడి ప్రక్క కప్పు మర తలక్రిందులుగా ఉంటుంది. ఎడమ కప్పు లోకరీతిలోనే అప్రదక్షిణంగా త్రిప్పితే వదులవుతుంది. కుడి కప్పు మాత్రం, కుడి ప్రక్కనే నిలబడి చూస్తూ, ప్రదక్షిణంగా త్రిప్పితే వదులవుతుంది. గుడి చుట్టూ తిరిగినట్టు తిరగాలన్నమాట. ఎందుకిలా చేశారు? ఇరుసు ప్రదక్షిణంగా తిరుగుతుంది గనుక కప్పునీ తనతో పాటు అటే లాగుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం. తొక్కేవాడి బరువు గుళ్ళ ద్వారా కప్పు అంచు వెంట సాగుతున్నకొద్దీ, తన గూటిలో లేశమాత్రం వదులున్న కప్పు ఇరుసుకి ఎదురు దిశలో కొద్దికొద్దిగా జరుగుతుంది. నమ్మకపోతే ఒక పెన్సిలును గుప్పిట్లో వదులుగా పట్టుకుని, పైకొనను రెండో చేతి వేలితో గుండ్రంగా త్రిప్పి చూడండి. పెన్సిలు తన చుట్టూ తాను ఎదురు తిరుగుతుంది. రెండు ప్రక్కలా మామూలు మర పెట్టిన ఇటాలియను, ఫ్రెంచి సైకిళ్ళలో కుడి కప్పు దానంతటదే వదులయ్యే జబ్బు ఇందువల్లనే. ఇంగ్లీషువాడు మరని తిరగవేసి, తొక్కినకొద్దీ బిగిసేలా చేశాడు.

కాబట్టి మా పెదనాన్నగారి కప్పు బిగిసి ఉందంటే అది తన ధర్మం తాను నెరవేర్చినందుకు. దానికి మనం వేసిన శిక్ష సుత్తి దెబ్బలు, ఆ పైన గ్యాసు కట్టరు.

ఫ్రేముని వెనక్కి తెప్పించి మా ఊరి సైకిలు షాపు పెద్దాయనకి చూపించాను. డెబ్బయ్యేళ్ళు దాటాయి. ఊళ్ళో అందరికీ ఆయన బాబాయే. ఇప్పుడు షాపు పేరుకే ఉంది, పంచర్లు తప్ప పని లేదు. కప్పు మీది గంట్లు వేలితో తడిమి చూశాడు. "ఆడు మంచోడే అబ్బాయ్, మోటారు సైకిళ్ళ కాడ నేర్చుకున్నాడు. దీనికి ఉల్టా మర. ఎవుడూ చెప్పకపోతే ఎట్టా తెలుసుద్దీ?" అన్నాడు. ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది! నేను ఇంత పొడుగున వ్రాస్తున్నదంతా ఆ ఒక్క మాటకి వ్యాఖ్యానమే.

బాబాయ్ ఏం చేశాడో చెబుతాను. ఎవరికైనా అక్కరకొస్తుంది. ముందు గొట్టం లోపలి మడ్డిని గోకి తీశాడు. ఫ్రేముని కుడి ప్రక్క నేలకి ఆనేలా పడుకోబెట్టాడు. అలా పెడితే ఆ కప్పు నిజంగానే కప్పవుతుంది. ఇరుసు కన్నంలో గుడ్డ కుక్కి, లోపల కిరసనాయిలూ కాస్త పలచని నూనే కలిపి పోశాడు. నాలుగు రోజులు దాని జోలికి వెళ్ళలేదు. మధ్యలో ఒకసారి వచ్చి, గొట్టం చుట్టూ చిన్న సుత్తితో టకటకమని తట్టి పోయాడు. ఆ తట్టుడికి తుప్పు పొరలు పగిలి, నూనె లోపలికి దిగుతుందట. సుత్తికి ఆయన శత్రువేం కాదు. కాటర్ పిన్ను తీయాలంటే సుత్తి తప్పదు. అయితే క్రాంకు క్రింద ఇనుప గొట్టం ముక్క నిలబెట్టి కొట్టాలి. ఆధారం లేకుండా కొడితే దెబ్బ పిన్నుకి తగలదు, ఇరుసు మీదుగా గుళ్ళలోకి పోయి కప్పులో గుంటలు పడతాయి. పట్టణంలో మా ఫ్రేముకి ఆ సేవ కూడా జరిగినట్టుంది.

అయిదో రోజు కిరసనాయిలు వంచేసి, పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, తడి ఆరేదాకా ఎండలో పెట్టాడు. వేడి చేయాలంటే ఇది ముఖ్యం, లేకపోతే మంట అంటుకుంటుంది. తరువాత గొట్టాన్ని పైనుండి వేడి చేశాడు. ఎర్రబడేలా చేయకూడదు. గొట్టాల అతుకుల్లో ఇత్తడి ఉంటుంది, రంగు సంగతి సరేసరి.

అసలు విద్య ఆ తరువాతది. కప్పు అంచున పానా పట్టే చోటు సన్నం, పైగా సుత్తి దెబ్బలకి అది కూడా అరిగింది. బాబాయ్ పానా జోలికే పోలేదు. ఇరుసు దూరే కన్నంలోంచి లావుపాటి బోల్టు ఒకటి బయటినుండి లోపలికి తోశాడు. బయట తల క్రింద ఒక మందపాటి వాషరు, లోపల ఇంకొక వాషరు, నట్టు. ఎడమ కప్పు అప్పటికే లేదు గనుక అటునుండి బాక్సు పానా పెట్టి నట్టుని పట్టుకోమని నాకిచ్చాడు. బయట బోల్టు తలని ప్రదక్షిణంగా బిగించాడు. రెండు వాషర్లూ కప్పుని అటూ ఇటూ కరచుకున్నాయి. "ఇంక వదిలెయ్" అన్నాడు. వదిలేశాను. పొడుగాటి గొట్టం పానాకి తొడిగి, అదే దిశలో ఇంకా త్రిప్పాడు. బోల్టు బిగియడానికి తిరిగే దిశా, ఆ కప్పు విప్పుకోవడానికి తిరిగే దిశా ఒక్కటే! బోల్టు ఇక బిగియలేదు గనుక కప్పునే వెంటేసుకుని తిరుగుతుంది. టక్కుమని ఒక చప్పుడు. అంతే. తరువాత చేత్తో త్రిప్పినా వచ్చింది. (ఎడమ కప్పుకి ఈ ఉపాయం పనికిరాదు. అక్కడ బోల్టు బిగిస్తే కప్పు కూడా బిగుస్తుంది. ముందు లాకు రింగు తీసి, నూనె, వేడి, ఓపికలతోనే సాధించాలి.)

గొట్టం లోపలి మరలు చెక్కుచెదరలేదు. అంగుళానికి 24 మరలు. అదే కొలతకి లూధియానాలో చేసిన కొత్త కప్పులు తెనాలి బజారులో దొరికాయి, సులువుగా ఎక్కాయి. ఇంత పాత కొలత ఇప్పటికీ చెల్లుబాటవుతుంటే, పాతదానికి సామాను దొరకదని చెప్పేవాళ్ళు ఏ ప్రపంచంలో ఉన్నారో నాకు అర్థం కాదు. కాకపోతే ఒక జాగ్రత్త. నాటింగ్‌హామ్‌లో చేసిన పాత రాలీ అయితే అంగుళానికి 26 మరలు. దాని కప్పుని సుత్తితో పాడుచేసుకుంటే అదే కొలతది సంపాదించడం కష్టం. అటువంటి బండికి, లోపల శుభ్రం చేస్తే సరిపోతుందనుకుంటే, కుడి కప్పుని అసలు కదపకుండా ఉంచడమే మంచి పనివాడి లక్షణం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ బోల్టు ఉపాయాన్ని బాబాయ్ ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఏనాడో గురువు చేతిలో చూశాడు. సరిగ్గా ఇదే ఉపాయాన్ని అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రపు వెస్ట్ న్యూటన్‌లో ఒక సైకిలు దుకాణంలో పనిచేసిన షెల్డన్ బ్రౌన్ అనే ఆయన తన పేజీల్లో వ్రాసిపెట్టాడు. ఏ బోల్టు, ఎన్ని వాషర్లు, ఎటు త్రిప్పాలి, అన్నీ. మనం బ్లాగులు మొదలుపెట్టిన రోజుల్లో ఆయన కూడా మనలాగే ఎవరూ అడగకుండానే వ్రాస్తూ ఉండేవాడు. 2008 ఫిబ్రవరిలో పోయాడు. ఆయన పనిచేసిన హారిస్ సైక్లరీ 2021లో మూతపడింది. ఆయన వ్రాసినది మాత్రం నేటికీ ఉంది, లోకమంతటా మెకానిక్కులు చదువుతున్నారు. మా బాబాయ్‌కి తెలిసినది ఆయన చేతుల్లో తప్ప ఎక్కడా లేదు. చేతిలో ఇద్దరిదీ ఒకే విద్య. ఒకరి ప్రక్కన అక్షరం ఉంది, ఒకరి ప్రక్కన లేదు. అక్షరం వచ్చిన మనం ఆ ప్రక్కన లేకపోవడమే కారణం.

లేకపోగా మనం ఏం చేశాం? మాటలు పుట్టించాం. ఆ రోజుల్లో పదకల్పన మీద జరిగిన వాదాలు మీకు గుర్తుండే ఉంటాయి. అంతర్జాలం నిలిచింది, సంతోషం. ఇంకా ఎన్నో పుట్టించాం, సంస్కృత ధాతువులు తవ్వి, సంధులు సరిచూసి. బీబీకి తెలుగేమిటని ఆనాడు అడిగి ఉంటే "అధఃకోష్ఠకం" అని ఎవరో ఒకరు తప్పక వ్రాసేవారు, దాని మీద యాభై వ్యాఖ్యలు నడిచేవి. సైకిలు షాపు దాకా నడిచి వెళ్ళి, నువ్వేమంటావయ్యా అని అడిగేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు చేసినది అదే కదా. ఆయన నిర్మించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది; చేనేతది 1971లో. బల్ల దగ్గర కూర్చుని నాగలికి పేరు పెట్టలేదు. రైతు దగ్గరికీ సాలె మగ్గం దగ్గరికీ మనుషుల్ని పంపి, వారి నోట ఉన్న మాటని ఉన్నట్టు వ్రాయించారు. ఎడ్లబండికి మనకి ఎంత సంపద ఉందో చూడండి: ఇరుసు, చీల, కందెన, ఆకులు, పూటీలు, నొగ, కాడి. సామెతల్లోకీ పద్యాల్లోకీ ఎక్కినవి కూడా ఉన్నాయి. బండి తరువాత మన ఊళ్ళని మోసింది సైకిలు. దాని లోపలి భాగాల్లో ఒక్కటి మన పద్యంలోకి రాలేదు, కథలోకి రాలేదు. గంటా, కడ్డీ, క్యారియరూ మాత్రం వచ్చాయి, పైకి కనబడేవి గనుక.

ఇది సాహిత్యమా అనే పెద్దలు ఉన్నారు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావుగారు భౌతికశాస్త్రం చదివి, కథలూ నవలలూ వ్రాసిన చేత్తోనే విజ్ఞాన వ్యాసాలూ వ్రాశారు. ఆయనకి లేని మడి మనకెందుకు?

కొత్తది కొనుక్కోవచ్చుగా అనేవారు ఇంకొందరు. కొనుక్కోండి, వద్దన్నదెవరు? అయితే కొత్తవి ఎప్పుడూ వస్తూనే ఉంటాయన్న ధీమా మాత్రం వద్దు. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్, దేశంలోకెల్లా పెద్ద పేరున్న కంపెనీల్లో ఒకటి, తన చివరి కర్మాగారాన్ని సాహిబాబాద్‌లో ఆపేసింది. ఏ రోజున? 2020 జూన్ 3న. అది ప్రపంచ సైకిలు దినం. పేరున్న కంపెనీయే పోయాక మీ ఇంట్లోని అట్లాస్‌ని నిలబెట్టేది దాన్ని విప్పడం తెలిసినవాడొక్కడే. అతడు కూడా పోయాక?

మరీ గడుసువారు ఇంకో మాట అంటారు: "ఇవన్నీ ఇంగ్లీషులో దొరుకుతున్నాయి కదా, మళ్ళీ తెలుగులో ఎందుకు?" ఇరవయ్యేళ్ళ నాడు తెలుగులో బ్లాగెందుకు అని మనల్ని అడిగినవాళ్ళ గొంతే ఇది. అప్పుడు మనకి ఎంత ఒళ్ళు మండేది! నా వరకు ఆ మంట ఇంకా చల్లారలేదు. పట్టణంలో ఆ కుర్రవాడు తెలుగు చదవగలడు. అతడి జేబులో ఫోనుంది. ఉలి ఎత్తే ముందు అతడు వెతికి ఉంటే తెలుగులో ఏం దొరికేది? నాన్న సైకిలు మీద నలభై జ్ఞాపకాలు.

కనుక మిత్రులకి నా కోరిక ఇది. మీ ఊళ్ళో, మీ పేటలో సైకిలు షాపు పెద్దాయన ఎవరైనా మిగిలి ఉంటే ఒక పూట వెళ్ళి కూర్చోండి. టీ ఇప్పించండి. ఆయన చేతిలో పని ఉన్నప్పుడు వెళ్ళండి. ఖాళీగా ఉన్నప్పుడు అడిగితే రోజులు మారిపోయాయని చెబుతారు తప్ప పని చెప్పరు. ఏది ముందు విప్పుతాడో, ఏది విప్పకుండా వదిలేస్తాడో చూసి వ్రాయండి. ఆయన మాటని సవరించవద్దు. తుప్పు వదలడానికి కిరసనాయిలులో ఏం కలుపుతాడో, మర పోయిన గొట్టాన్ని ఎలా నిలబెడతాడో అడగండి. మా బాబాయ్ "ఉల్టా మర" అన్నదాన్ని మీ వైపు ఏమంటారో నాకు తెలుసుకోవాలని ఉంది. కృష్ణకి అవతల, గోదావరి జిల్లాల్లో, పాలమూరులో, ఖరగ్‌పూరు రైల్వే కాలనీలోని తెలుగువాళ్ళ దగ్గర, ఎక్కడిదైనా సరే. ఊరి పేరు వేసి వ్రాయండి.